రెఫరెన్సు నంబరు 3: ఒక చౌకధరల దుకాణం రద్దు కేసు

నేను తిరుపతిలో లాయరుగా ప్రాక్టీసు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెవెన్యూ, సివిల్ సప్లైస్ వ్యవహారాలే. ఈ కేసు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక డివిజన్‌ది. ఊరు, మండలం, సంవత్సరం చెప్పను. మనిషిని గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను. కక్షిదారు సరేనన్నాకే రాస్తున్నాను. ఇందులో నేను రెండు చోట్ల తప్పు నిర్ణయం తీసుకున్నాను. ఆ రెండింటి వల్లా ఆమె నెలల తరబడి నష్టపోయింది. జూనియర్లు అవే తప్పులు చేయకూడదనే ఈ రాత.

నేపథ్యం

ఆమెకు నలభై ఐదేళ్లు దాటాయి. భర్త పోయాక రేషన్ షాపు ఆథరైజేషన్, అంటే షాపు నడిపే అనుమతి, ఆమె పేరు మీదికి మారింది. పదకొండేళ్లుగా నడుపుతోంది. 520 కార్డులు. ఇంటి ముందు గదే షాపు.

ఒక ఉదయం తనిఖీ వచ్చింది. కార్డుదారు వేలిముద్ర తీసుకుని సరుకు లెక్క రాసుకునే ఈ-పాస్ మెషీన్ చూపే నిల్వను, గదిలో ఉన్న సరుకును పోల్చి చూశారు. బియ్యం 340 కిలోలు తక్కువ, చక్కెర 12 కిలోలు ఎక్కువ. పంచనామా రాసి ఆమె సంతకం తీసుకున్నారు. సాయంత్రానికి సస్పెన్షన్ వచ్చింది. కార్డులను పక్క ఊరి డీలరుకు ఇన్‌చార్జిగా అప్పగించారు. పట్టుకున్న సరుకు మీద నిత్యావసర సరుకుల చట్టం సెక్షన్ 6-ఎ కింద కేసు వేరుగా నడిచింది. దాని సంగతి ఇక్కడ అక్కర్లేదు.

తేడాకు ఆమె రెండు కారణాలు చెప్పింది. తనిఖీకి ముందు రెండు రోజులు సర్వర్ పనిచేయలేదు. కూలికి పోయేవాళ్లు పని మానుకుని మళ్లీ మళ్లీ రాలేరని 11 కార్డులకు బియ్యం ఇచ్చేసింది. వేలిముద్రలు తర్వాత వేయించుకుందామనుకుంది. ఇక రెండోది, స్టాక్ పాయింట్ (షాపులకు సరుకు పంపే గిడ్డంగి) నుంచి వచ్చే 50 కిలోల బస్తాలో నిండా 50 కిలోలు ఉండవు.

ఆ 11 కార్డుల నోట్‌బుక్కు నేను చూశాను. పిల్లల పాత లెక్కల కాపీ అది. ఒక పేజీలో కార్డు నంబర్ల చివరి నాలుగంకెలు, ఎదురుగా కిలోలు, ఆ పక్కన ఒక చిన్న సున్నా. వేలిముద్ర పడగానే సున్నాకు అడ్డంగా గీత కొడుతుంది. వెనక పేజీల్లో అన్ని సున్నాలకూ గీతలున్నాయి. ఈ పేజీలో పదకొండూ ఖాళీగా ఉన్నాయి. కూడితే 215 కిలోలు. తనిఖీ రోజు ఆ నోట్‌బుక్కు తక్కెడ పక్కనే ఉందట. పంచనామాలో దాని ఊసే లేదు.

సమస్య నా దగ్గరికి వచ్చేసరికి

వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని షోకాజ్ నోటీసు వచ్చింది. అప్పుడు ఆమె నా దగ్గరికి రాలేదు. ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికి పోయింది. ఆయన ముప్పై ఏళ్లుగా రాస్తున్న పద్ధతిలోనే రాసిచ్చాడు: నిరుపేద వితంతువును, తెలిసో తెలియకో జరిగిన పొరపాటును ఈసారికి మన్నించి, నా షాపు నాకు ఇప్పించ ప్రార్థన. సర్వర్ మాట లేదు, నోట్‌బుక్కు మాట లేదు, బస్తాల తూకం మాట లేదు.

ఇరవై రోజులకు ఆథరైజేషన్ రద్దయింది. ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. డీలరు తన తప్పును అంగీకరించినందున, సంజాయిషీ సంతృప్తికరంగా లేనందున రద్దు చేయడమైనది అని చివర్లో ఉంది. ఆ కాగితం పట్టుకుని నా ఆఫీసులో కూర్చుని ఆమె అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేను చెప్పేది యెవురూ యినలేదు సార్. యినకుండానే ఎట్ల తీసేస్తారు?"

రచ్చబండ దగ్గర తగువు తీర్చేటప్పుడు కూడా పెద్దమనిషి అవతలివాడి వైపు తిరిగి నువ్వేమంటావ్‌రా అని అడుగుతాడు. ఆమె అడిగింది అదే. సహజ న్యాయసూత్రాలు అని మనం పేరు పెట్టుకున్నది కూడా దాన్నే.

ఇలాంటి ఉత్తర్వు చేతికి రాగానే నేను ముందు చూసేది పైన ఉండే రెఫరెన్సుల పట్టీ. ఏ కాగితాలు చూసి నిర్ణయం తీసుకున్నారో అధికారి అక్కడ తనే చెబుతాడు. ఇందులో ఐదు ఉన్నాయి. తనిఖీ నివేదిక, షోకాజ్ నోటీసు, మూడోది విచారణ నివేదిక, నాలుగోది సంజాయిషీ, ఐదోది పై నుంచి వచ్చిన లేఖ. మూడోదీ ఐదోదీ ఆమె కంట పడనే లేదు. నోటీసులో ఉన్న అభియోగం ఒక్కటే, నిల్వలో తేడా. ఉత్తర్వులో మూడున్నాయి. కార్డుదారులతో దురుసుగా మాట్లాడుతుందని, బియ్యం బయటివారికి అమ్ముతోందని రెండు కొత్తగా చేరాయి. ఆ రెండూ మూడో నంబరు కాగితంలోంచి వచ్చాయని తెలుస్తూనే ఉంది.

అప్పీలా, రిట్టా

దారులు రెండు. జాయింట్ కలెక్టర్ దగ్గర అప్పీలు, లేదా రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద ఉత్తర్వును సవాలు చేస్తూ నేరుగా హైకోర్టులో రిట్. ప్రత్యామ్నాయ మార్గం ఉంటే హైకోర్టు మామూలుగా అక్కడికే వెళ్లమంటుంది. సహజ న్యాయసూత్రాలను ఉల్లంఘించినప్పుడు ఆ అడ్డు ఉండదని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన కేసు ఆ మినహాయింపులోకి వస్తుందని నాకు అప్పుడే అనిపించింది.

అయినా అప్పీలుకే వెళ్లాను. బస్తాలు తూకం వేయడం, నోట్‌బుక్కులో ఉన్న పదకొండు మందిని పిలిచి అడగడం రిట్‌లో జరిగే పని కాదు. న్యాయసమీక్షలో కోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న తీరును. నిర్ణయంలోని మంచిచెడ్డల మీద అప్పీలు వినదు. 1994లో టాటా సెల్యులార్ తీర్పు ఈ సంగతి వివరంగా చెప్పింది. వాస్తవాలు తేలాలంటే అప్పీలే సరైన చోటు అనుకున్నాను. ఆ ఆలోచన ఇప్పటికీ తప్పని అనను. తప్పు నేను అప్పీలు వేసిన తీరులో ఉంది. మూడో నంబరు కాగితం కాపీ ఇవ్వలేదని ఒక వాక్యం రాశాను గానీ, ఆ కాపీ ఇప్పించమని విడిగా దరఖాస్తు పెట్టలేదు. రికార్డు ఎలాగూ పై అధికారి తెప్పించుకుంటారు, వాదనలో చూపిద్దాం అనుకున్నాను. ఇది నా మొదటి తప్పు.

అప్పీలు తేలేదాకా రద్దును ఆపమన్న స్టే పిటిషన్ మీద ఏ ఉత్తర్వూ రాలేదు. అప్పీలు నాలుగుసార్లు వాయిదా పడింది. ఐదోసారి అరగంట విన్నారు. నోట్‌బుక్కు చూపించాను. ఆ అధికారి పేజీలు తిప్పి శ్రద్ధగానే చూశారు. నాకు ఆశ కలిగింది. మూడు వారాలకు ఆయనకు బదిలీ అయింది.

ఇంకో నెల చూసి హైకోర్టులో రిట్ వేయించాను. అడిగింది ఒక్కటే, పెండింగ్ అప్పీలును తేల్చమని ఆదేశించండి అని. మొదటి రోజే ఆరు వారాల్లో పరిష్కరించమని ఉత్తర్వు వచ్చింది. ఆమెకు ఫోన్ చేసి మనకు ఆర్డర్ వచ్చిందమ్మా అని చెప్పాను. అలా చెప్పి ఉండకూడదు. ఆరు వారాలు నిండకముందే కొత్త అధికారి అప్పీలు కొట్టేశారు. కింది ఉత్తర్వులోని పేరాలనే ఎత్తిరాసి, జోక్యం చేసుకోవడానికి కారణాలు కనిపించలేదు అని ముగించారు.

ఇది రెండో తప్పు. త్వరగా తేల్చమని మాత్రమే అడిగితే త్వరగా తేలుస్తారు, అంతే. మళ్లీ విచారించి, కాగితాలిచ్చి, కారణాలు రాసి తేల్చమని నేను అడగలేదు కాబట్టి కోర్టూ అనలేదు. గడువు దగ్గరపడి, కోర్టు ధిక్కారం భయం ఉన్న ఆఫీసులో ఒక గుమాస్తా పాత ఉత్తర్వును ముందు పెట్టుకుని కొత్తది టైపు చేస్తాడు. సంఖ్య మారుతుంది, తేదీ మారుతుంది.

ఏది పనిచేసింది

ఆ రోజు ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "ఆ మూడో నంబరు కాయితంలో ఏముందో నాకు జూపిచ్చండి సార్, తర్వాత ఏమైనా గానీ" అంది. నేను మొదటి రోజు చేయాల్సిన పనిని ఆమె గుర్తుచేసింది.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించాను. విచారణకు ఆటంకం కలుగుతుందంటూ సెక్షన్ 8(1)(హెచ్) చూపించి మొదట ఇవ్వలేదు. విచారణ ముగిసి, రద్దు ఉత్తర్వు కూడా వచ్చాక ఆటంకం ఎక్కడిది? మొదటి అప్పీలులో ఆ ఒక్క మాటే రాశాం. నివేదిక చేతికొచ్చింది.

నాలుగు పేజీలు. ఆరుగురు కార్డుదారుల వాంగ్మూలాలు. ఆరింటిలోనూ వాక్యాలు ఒకటే, కామాలతో సహా. ఆమె ఆ పేర్లు చదువుతూ ఇద్దరి దగ్గర ఆగిపోయింది. వాళ్ల కార్డులు ఈ షాపువి కావు, ఎప్పుడూ కాలేదు. ఇంకో ఊరి షాపువి. 520 కార్డుల మనుషులను ముఖం చూసి గుర్తుపట్టే ఆమెకు ఆ సంగతి చెప్పడానికి అర నిమిషం పట్టలేదు. ఆ నివేదికను ఏడాది ముందు ఆమె చేతిలో పెట్టి ఉంటే ఏడాది ముందే చెప్పేది.

ఆ తర్వాత రెండో రిట్. కలెక్టర్ దగ్గర రివిజన్, అంటే అప్పీలు ఉత్తర్వును మళ్లీ పరిశీలించమని అడిగే దారి, మిగిలే ఉంది గానీ, ఈసారి రివిజన్‌కు వెళ్లలేదు. మొదటి దశలోనే విచారణ సరిగా జరగకపోతే పైన అప్పీలు ఉందన్న కారణంతో ఆ లోపం పూడదని 1986లో ఎల్.కె. రత్న కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ అప్పీలులో పూడ్చే ప్రయత్నమే జరగలేదు.

ఏం రాయాలన్నదానికంటే ఏం రాయకూడదన్నదాని మీద ఎక్కువసేపు ఆలోచించాను. ఊళ్లో ఒక పెద్దమనిషి చేయించాడని ఆమె గట్టి నమ్మకం. ఐదో రెఫరెన్సు లేఖ చూస్తే నాకూ అనుమానం వచ్చింది. అయినా దురుద్దేశం అనే ఆరోపణ వదిలేశాను. దాన్ని నిరూపించే బరువు చాలా ఎక్కువని 1974లో రిపోర్టయిన రాయప్ప కేసు నుంచీ కోర్టులు చెబుతూనే ఉన్నాయి. ఎవరి మీద అంటున్నామో వాళ్లను పేరుతో పార్టీగా చేర్చాలి. రుజువు లేకుండా ఒక్క పేరు రాస్తే కేసంతా ఆ పేరు చుట్టూ తిరిగి, గట్టి పాయింట్లు వెనకబడతాయి. తూకం లెక్కలు కూడా రెండు వాక్యాలకు కుదించాను. ఆమెను ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది.

మిగిలినవి నాలుగు. ఆమెకు చూపని నివేదిక ఆధారంగా నిర్ణయం తీసుకున్నారు. అలా చేయకూడదని 1954లోనే ధాకేశ్వరి కాటన్ మిల్స్ కేసు చెప్పింది. నోటీసులో లేని అభియోగాలు ఉత్తర్వులో చేరాయి. మన్నించండి అన్న మాటను నేరం ఒప్పుకోవడంగా రాశారు. మన ఆఫీసుల అర్జీ భాషలో ఆ మాట మర్యాద కోసం రాసేదే తప్ప ఒప్పుకోలు కాదని అఫిడవిట్‌లో వివరించాను. ఇక నాలుగోది, అప్పీలు విన్నది ఒకరు, ఉత్తర్వు ఇచ్చింది ఇంకొకరు.

ఈ నాలుగో పాయింటు మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు మన ఆంధ్ర కేసులోనే గట్టిగా చెప్పిందని చాలామంది కుర్ర లాయర్లకు తెలియదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు, 1959లో రిపోర్టయింది. కృష్ణా జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే స్కీము మీద ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పుకున్నారు. విన్నది రవాణా శాఖ చూసే కార్యదర్శి, తేల్చింది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది మరొకరు అయితే ఆ వినడానికి అర్థమే లేదని జస్టిస్ కోకా సుబ్బారావు రాశారు. మన రాజమండ్రి మనిషి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చెప్పుకునేవాడి ముఖం, వినేవాడి సందేహం, ఆ సందేహానికి అప్పటికప్పుడు ఇచ్చే జవాబు ఇవేవీ ఫైలులోకి ఎక్కవు. ఆ నోట్‌బుక్కు తిప్పి చూసిన అధికారి గుర్తొచ్చినప్పుడల్లా ఆ తీర్పు నాకు మరింత బాగా అర్థమవుతుంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ప్రభుత్వ శాఖ ఒక సంస్థగా నిర్ణయిస్తుంది, ప్రతి మాటా సంతకం పెట్టేవాడే వినక్కర్లేదు అని 1915లో రిపోర్టయిన ఇంగ్లండు ఆర్లిడ్జ్ కేసు చెప్పింది. అందుకే మా అఫిడవిట్‌లో మరో మాట చేర్చాం: మొదటి అధికారి విన్నదాని గురించి ఫైలులో ఒక్క నోటు కూడా లేదు, కాబట్టి కొత్త అధికారి ముందు ఆమె వాదన ఏ రూపంలోనూ లేదు.

కోర్టులో

అమరావతిలో నా మిత్రుడు వాదించాడు. నేను రాత్రి రైలెక్కి తెల్లారి విజయవాడలో దిగి హైకోర్టున్న నేలపాడు వెళ్లి వెనక కూర్చున్నాను. మధ్యంతర ఉత్తర్వు రాలేదు, కేసు త్వరగా వినడానికి మాత్రం కోర్టు ఒప్పుకుంది.

రిట్‌కు జవాబుగా వేసిన కౌంటర్‌లో ప్రభుత్వం మూడు మాటలు చెప్పింది. డీలర్‌షిప్ హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చిన అవకాశం. రెండోది, ఉత్తర్వులో లేని కొత్త కారణాలు: పాత తనిఖీల్లో కూడా తేడాలున్నాయని. మూడోది బలమైనది: నివేదిక ఇచ్చినా ఆమె చెప్పేదేమీ లేదు, కాబట్టి ఇవ్వనందువల్ల నష్టమేమీ జరగలేదు.

మొదటిది అరవై ఏళ్ల కిందట అయితే చెల్లేదేమో. అప్పట్లో కోర్టులు ఇది న్యాయనిర్ణయం లాంటిదా, కేవలం పరిపాలనా చర్యా అని గీత గీసి, రెండోదైతే వినక్కర్లేదనేవి. 1967లో బీనాపాణి దేయి కేసు, 1969లో క్రైపాక్ కేసు ఆ గీతను చెరిపేశాయి. మనిషి బతుకు మీద దెబ్బ పడే నిర్ణయం ఏదైనా ముందు ఆ మనిషిని అడగాలి. రెండోదానికి 1978లో రిపోర్టయిన మొహీందర్ సింగ్ గిల్ తీర్పు చాలు: ఉత్తర్వు దానిలో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత అఫిడవిట్ రాసి దానికి బలం చేకూర్చకూడదు.

మూడోదాని దగ్గరే కేసు తేలింది. ఉల్లంఘన జరిగిందంటే చాలదు, దానివల్ల అసలు నష్టం జరిగిందా చూడాలని 1996లో ఎస్.కె. శర్మ కేసు, 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసు చెప్పాయి. ఇప్పుడు కోర్టులు మొదట అడిగేది ఇదే. మొదటి రిట్ నాటికి మా దగ్గర దీనికి జవాబు లేదు. ఇప్పుడుంది. ఆరుగురిలో ఇద్దరు ఈ షాపు కార్డుదారులే కారు అని మిత్రుడు చెప్పగానే జడ్జిగారు గవర్నమెంట్ ప్లీడరు వైపు చూసి, ఆ సంగతి చెప్పే అవకాశం ఆమెకు ఎప్పుడిచ్చారని అడిగారు. ఆమె నా ఆఫీసులో అడిగిన ప్రశ్న అదే.

రెండు ఉత్తర్వులూ రద్దయ్యాయి. కాగితాలన్నీ ఇచ్చి, మూడు నెలల్లో మళ్లీ విచారించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలన్నారు. అప్పటిదాకా షాపు ఆమే నడుపుకోవచ్చు. షాపు పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

మళ్లీ అదే ఆఫీసుకు

ఫోన్‌లో చెబితే ఆమె కాసేపు మాట్లాడలేదు. "అంటే మళ్లా ఆడికే పోవాల్నా సార్?" పోవాలమ్మా అన్నాను. నువ్వు తప్పు చేయలేదని కోర్టు చెప్పలేదు. నిన్ను అడగకుండా చెప్పడం తప్పు అని చెప్పింది. మిగతాది ఇప్పుడు మనం చెప్పుకోవాలి.

ఈసారి సంజాయిషీ పదకొండు పేజీలు. నోట్‌బుక్కు జెరాక్సు, పదకొండు మంది సంతకాలు, వాంగ్మూలం ఇచ్చినవారిని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలన్న విన్నపం, బస్తాలు తూకం వేయించమన్న దరఖాస్తు. ఇద్దరి వాంగ్మూలాలు వాళ్లే పక్కన పెట్టేశారు. మిగిలిన నలుగురిలో ముగ్గురు తమకేమీ ఫిర్యాదు లేదన్నారు. పక్క ఊరి షాపుకు అదే స్టాక్ పాయింట్ నుంచి వచ్చిన లోడులో పది బస్తాలు తూకం వేశారు. సగటున బస్తాకు 600 గ్రాములు తక్కువ. ఆ నెల 156 బస్తాలకు లెక్కేస్తే 94 కిలోల దాకా వచ్చింది. నోట్‌బుక్కులోని 215 కలిపితే 309. ఇంకా 31 కిలోలకు లెక్క చెప్పలేకపోయాం. చెప్పలేమనే రాశాం. వేలిముద్ర లేకుండా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని కూడా ఒప్పుకున్నాం. దాన్ని దాచి ఉంటే మిగతా లెక్కను కూడా ఆ అధికారి నమ్మేవారు కాదని నా నమ్మకం.

తుది ఉత్తర్వు ఐదు పేజీలు. అభియోగం పాక్షికంగా రుజువైంది, డిపాజిట్‌లో కొంత జప్తు, హెచ్చరిక, ఆథరైజేషన్ కొనసాగింపు. ఆమెకు వ్యతిరేకంగా కూడా అందులో రెండు పేరాలున్నాయి. అయినా అది చదువుతుంటే నాకు గౌరవం కలిగింది. ఆమె చెప్పిన ప్రతి మాటకూ, కాదన్నదానికి కూడా, ఒక జవాబు ఉంది.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు రద్దు ఉత్తర్వు ఏది వచ్చినా ముందు రెఫరెన్సుల పట్టీ పక్కన టిక్కులు పెడతాను. మనకు అందినవి, అందనివి. అందనివాటి కోసం అదే రోజు కాపీ దరఖాస్తు వెళ్తుంది, రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్న నకలు ఫైల్లోకి వస్తుంది. ఇవ్వకపోతే ఆ స్టాంపే రేపు రిట్‌లో ఆధారం. అప్పీలు తేల్చమని మాత్రమే అడిగే రిట్‌లు మానేశాను. తప్పనిసరైతే కాగితాలు, విచారణ, కారణాలు అనే మూడు మాటలూ కోర్టును కోరే ప్రార్థనలో చేరుస్తాను. విన్న అధికారి మారితే వెంటనే మళ్లీ వినమని లేఖ పెడతాను.

వీటన్నిటికంటే ముందున్నది మొదటి సంజాయిషీ. అది రాసే రోజుకు చాలామంది లాయరు దాకా రారు, ఆ ఖర్చు వాళ్లు భరించలేరు. అందుకే ఆ చెట్టు కింద పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన రాసిన మన్నించండి అన్న మాటను ఉత్తర్వులో ఎలా వాడుకున్నారో చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి, కాగితం తీసుకుని, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు. "మర్యాద కోసం రాస్తాం గదా సార్, ఇట్ల అయితాదని తెలీదు" అన్నాడు. నాలుగు వాక్యాలు రాసిచ్చాను: నా మీది ఆరోపణను నేను ఒప్పుకోవడం లేదు, దీనికి ఆధారమైన నివేదికల కాపీలు ఇప్పించండి, అవి అందాక పూర్తి సంజాయిషీ ఇచ్చుకుంటాను, నన్ను స్వయంగా విని ఉత్తర్వు ఇవ్వండి. పోయిన నెల నా దగ్గరికి వచ్చిన ఒక అంగన్‌వాడీ ఆయా ఫైల్లో ఆ నాలుగు వాక్యాలూ ఆయన గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి, పక్కన రిసీవ్డ్ స్టాంపు, తేదీతో సహా.